మిరియపు గింజంత మచ్చ

డిక్సన్ ఊళ్లో ఆడవాళ్లంతా ఆర్డిత్‌ని చూసి కుళ్లుకున్న వేసవి అది. కుళ్లుకోరూ మరి? అమెరికాలో పాటల పుట్టిల్లు నాష్‌విల్లో పద్దెనిమిదేళ్లుగా పాటలు రాస్తూ ఒక్కటీ పైకి రాక, చివరికి జనం "పాపం హోలిస్" అనడం కూడా మానేసిన మొగుడు, ఉన్నట్టుండి దేశమంతా పాడుకునే ప్రేమపాట రాశాడు. అక్కడితో ఆగాడా అంటే అదీ లేదు. రేడియో వాళ్లు పిలిస్తే వెళ్లి మైకు ముందు కూర్చుని, ఇది మా ఆవిడ మీద రాసిన పాటేనండీ, ఇరవై రెండేళ్ల కాపురం మాది, అని చెప్పొచ్చాడు. ఎంతమంది ఆడవాళ్లకి దక్కుతుంది అంత భాగ్యం?

ఆ మాట రేడియోలో విన్న రోజు ఆర్డిత్ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. విని, కత్తి పక్కన పెట్టి, అలాగే నిలబడిపోయింది. ఆ పాటలో ఉన్న మనిషి తను కాదు. ఆ సంగతి తనకి తెలుసు, హోలిస్‌కీ తెలిసే ఉండాలి. తెలిసీ లోకమంతా వినేలా అబద్ధం ఎందుకు ఆడాడు? ఎవర్ని దాచడానికి?

పాట పేరు "నాకొక్కడికే తెలుసు". టెక్సస్ నుంచి వచ్చిన ఓ టోపీ పెట్టుకున్న అందగాడు గొంతు వణికిస్తూ పాడాడు దాన్ని. వెనక స్టీల్ గిటార్ ఏడుస్తూ ఉంటుంది. మొదటి చరణాల్లో ఏముందిలే, వరండా, చినుకులు, ఏ పాటలోనైనా ఉండే సరుకే. జనాన్ని పట్టుకున్నది మాత్రం పల్లవి:

ఆగస్టు ఉక్కలో ఒక్క చేత్తో జుట్టెత్తి పట్టుకుంటుంది,
మెడ మీద మిరియపు గింజంత మచ్చ,
ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఇదీ సంగతి. ఆర్డిత్ మెడ మీద మచ్చ లేదు. ఉంటే తెలియదా? మడమ మీద ఒకటుంది, మోచేతి కింద ఇంకోటుంది, రెండూ తెలుసు. అయినా సరే ఒకసారి స్నానాలగదిలో వేళ్లతో మెడంతా తడుముకుంది. నున్నగా ఉంది. ఇంట్లో ఉన్నదల్లా గోడకి బిగించిన ఒక్క అద్దం, దాంట్లో మెడ వెనక ఏం కనిపిస్తుంది? కనిపించక్కర్లేదు కూడా. నలభై మూడేళ్లు మోసిన మెడ కదా అది.

వారం వారం సోమవారం పొద్దున్న నాష్‌విల్ నుంచి ఫోనొచ్చేది, దేశంలో ఎక్కువమంది వినే పాటల పట్టికలో ఇది ఏ మెట్టు మీదుందో చెప్పడానికి. హోలిస్ ఆ అంకెని వంటింటి గుమ్మం మీద సుద్దముక్కతో రాసేవాడు. పిల్లలున్న ఇళ్లల్లో వాళ్ల పొడుగు కొలిచి గీతలు గీసుకునే చోట అన్నమాట. మార్చిలో అరవై ఒకటి. తర్వాత నలభై ఎనిమిది. ఏప్రిల్లో ముప్పై మూడు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నకొద్దీ అతను పిల్లాడిలా గంతులు వేసేవాడు, ఆవిడ మాత్రం గుమ్మం వైపు చూడకుండా గిన్నెలు తోముకునేది. పాట ఒక మెట్టెక్కితే ఆ మచ్చున్నది ఎవతో, దాన్ని ఇంకో లక్షమంది ఇళ్లకి తెచ్చి కూర్చోబెట్టినట్టే కదా.

ముప్పై మూడు రాసిన రోజే ఉండబట్టలేక అడిగేసింది.

"నా మెడ మీద మచ్చ లేదు కదా హోలిస్."

అతను సుద్దముక్క జేబులో వేసుకుని, "పాటలో ఉన్నవన్నీ ఉండాలేంటే? అది పాట" అన్నాడు.

"మరి ఆ ముక్క ఎవరు తెచ్చారు?"

"గదిలో మాట గదిదే. నీకు తెలీదా?"

తెలుసు. పద్దెనిమిదేళ్లు ఆ వృత్తితోనే కాపురం చేసింది. నాష్‌విల్లో పాట రాయడమంటే పొద్దున్న పది గంటలకి ముగ్గురు ఒక గదిలో చేరి తలుపేసుకోవడం. పాటంతా ఒకడే చెప్పినా, ఇంకొకడు కాఫీ తాగుతూ కూర్చున్నా, బయటికొచ్చేసరికి ముగ్గురి పేర్లూ సమానంగా ఉంటాయి. ఏ ముక్క ఎవరిదో బయట చెప్పినవాణ్ని మళ్లీ ఏ గదిలోకీ రానివ్వరు. హోలిస్ మర్యాద ఎంత లేనివాడైనా ఆ ఒక్క మర్యాద ఎన్నడూ తప్పలేదు. ఇదివరకు ఆవిడకి అది మొగుడి నిజాయితీలా కనబడేది. ఇప్పుడు దొంగకి దొరికిన మంచి తలుపులా కనబడింది.

ఈ పాట గదిలో కూర్చున్న ముగ్గురూ ఎవరంటారా? హోలిస్ ఒకడు. రెండోవాడు రాయిస్, డిక్సన్ వాడే, వీళ్ల చర్చికే వస్తాడు, యాభై ఆరేళ్లవాడు, పెళ్లీ పెటాకులూ లేవు, స్టీల్ గిటార్ వాయిస్తాడు. నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముహూర్తం చూసుకోవాలి. కాఫీ తాగి పేరు కొట్టేస్తాడని అందరూ ఆటపట్టిస్తారు అతన్ని. మూడోది కాండిస్. ఇరవై ఆరేళ్ల పిల్ల, నడుం దాకా ఎర్రటి జుట్టు.

జుట్టు అనగానే ఆర్డిత్‌కి ఇంకేం కావాలి? ఒక్క చేత్తో ఎత్తి పట్టుకోవాలంటే అంత జుట్టు ఉండాలిగా. హోలిస్ బుధవారం బుధవారం కాండిస్‌తో రాస్తాడు. రెండు కొత్త చొక్కాలు కొన్నాడు. ఆర్డిత్ గదిలోకొస్తే ఫోను పెట్టేస్తాడు. ఒక్కోటీ విడిగా చూస్తే ఏమీ కాదు, కానీ అనుమానం పట్టిన బుర్ర విడిగా చూడదు. మనసులోనే ఒక నిర్ణయానికొచ్చింది. సంగతి రూఢి అయిన రోజున పెట్టె సర్దుకుని పడూకాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోవడమే. అరుపులూ ఏడుపులూ ఉండవు. ఇరవై రెండేళ్లూ మడిచి పెట్టెలో పెట్టేసుకోవడమే.

జూన్‌లో రేడియో స్టేషన్ వాళ్లు పాట రాసినవాళ్లకి మైదానంలో విందు పెట్టారు. పాట అప్పటికి తొమ్మిదో మెట్టు మీదుంది. పొగలో కాలుతున్న పంది మాంసం, మొక్కజొన్న రొట్టెలు, పైన మాడుస్తున్న ఎండ. ఆర్డిత్ చేతిసంచిలో రెండు జుట్టు క్లిప్పులు వేసుకుని మరీ వెళ్లింది. కాండిస్ పక్కన చేరి, ఎంత ఉక్కపోస్తోందమ్మా, ఈ జుట్టేంటి దుప్పటి కప్పుకున్నట్టు, ఇలా రా నేను పైకి కడతాను, అంది. పిల్ల మురిసిపోయి వీపు తిప్పి కూర్చుంది. ఆర్డిత్ ఆ ఎర్రజుట్టంతా గుప్పిట్లో పట్టి ఎత్తి, చెవి నుంచి చెవి దాకా వెతికింది.

పాల మీగడలా ఉంది మెడ. ఒక్క చుక్క కూడా లేదు.

ఇంకొకరైతే ఊపిరి పీల్చుకునేవారు. ఆర్డిత్‌కి ఇంకా ఎక్కువైంది. కాండిస్ అయితే కనీసం మొహం తెలుసు. ఇప్పుడు ఆ మచ్చ ఎవరి మీదైనా ఉండొచ్చు. కొట్లో వరసలో ముందు నిలబడ్డ ఆడవాళ్ల మెడలు చూసింది. హోలిస్ టిఫిను తినే హోటల్లో వడ్డించే ఆవిడ మెడ చూడటానికని చెంచా కింద పడేసింది, అదీ రెండుసార్లు. పోస్టాఫీసులో ఒకావిడ వెనక్కి తిరిగి, ఏం కావాలమ్మా మీకు, అని అడిగితే సిగ్గుతో చచ్చిపోయింది.

దీనికి తోడు చర్చి. అసలు నరకం అక్కడ. పైన్ హాలో చర్చిలో చల్లగాలి మిషను చెడిపోయి పదేళ్లయింది. అంత్యక్రియల కంపెనీ వాడు ప్రచారానికి పంచిన అట్ట విసనకర్రలే అందరికీ గతి. హోలిస్ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడే గనక వాళ్లు చివరి నుంచి రెండో బల్ల మీద కూర్చునేవాళ్లు. ప్రతి వేసవీ ఆర్డిత్ ఉక్క భరించలేక జుట్టు ఎత్తి పట్టుకుని విసురుకునేది. ఈ వేసవి చెయ్యి పైకి లేస్తే ఒట్టు. ఎత్తిందంటే అందరి కళ్లూ మచ్చ కోసం వెతుకుతాయి, ఉండదు, మొగుడు రేడియోలో ఆడిన అబద్ధం ఊరంతటికీ తెలిసిపోతుంది. పరువు ఇద్దరిదీ కదా మరి. చూపించవే మాకూ, మేమేమన్నా ఎత్తుకుపోతామా, అని ఆడవాళ్లు వేళాకోళం చేస్తే నవ్వి, జుట్టు ఇంకాస్త ముందుకి లాక్కునేది. చెమట వీపు మీద ధారగా కారిపోయేది.

ఆగస్టు మొదటి సోమవారం ఫోనొచ్చింది. హోలిస్ తిన్నగా గుమ్మం దగ్గరికెళ్లి ఒకటి అంకె వేశాడు. వేసి, గుమ్మానికి తల ఆనించి ఏడ్చాడు. పద్దెనిమిదేళ్ల ఏడుపు అది. దగ్గరికెళ్లి పట్టుకోవాలని ఆర్డిత్ చేతులు ఎంత కొట్టుకున్నాయో ఆవిడకే తెలుసు. పట్టుకోలేకపోయింది. ఎవరి కోసం ఏడుస్తున్నాడో తెలియందే ఎలా పట్టుకుంటుంది?

మొదటి మెట్టెక్కిన పాటకి నాష్‌విల్లో పండగ చేస్తారు. రాసినవాళ్లు ముగ్గురూ వేదికెక్కి పాట ఎలా పుట్టిందో చెప్పాలి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ముహూర్తం. ఆ పొద్దున్న హోలిస్ నాష్‌విల్ వాళ్లు పంపిన కారెక్కి ముందే వెళ్లిపోయాక ఆర్డిత్ పెట్టె సర్ది కారు వెనక డిక్కీలో పెట్టింది. అతను వేదిక మీద నిలబడి మళ్లీ "మా ఆవిడ" అన్నాడో, అట్నుంచి అటే పడూకా. ఆ అబద్ధం ఇంక వినడం తన వల్ల కాదు. పోయేదేదో పద్ధతిగా పోదామని జీవితంలో మొదటిసారి డబ్బిచ్చి జుట్టు కట్టించుకోవడానికి మెర్లీన్ కొట్టుకెళ్లింది. ఊళ్లో ఆడవాళ్లందరి తలలూ మెర్లీన్ చేతుల్లోంచి పోతాయి, ఒక్క ఆర్డిత్‌దే ఎప్పుడూ పోలేదు. ఊహ తెలియకముందే తల్లి పోతే పెంచిన మేనత్త, తల దువ్వే రకం కాదు. చిన్నప్పటి నుంచీ జుట్టు భుజం మీదుగా ముందుకి లాక్కుని తనే దువ్వుకుంది, తనే కత్తిరించుకుంది.

మెర్లీన్ జుట్టంతా పైకెత్తి పిన్నులు పెడుతూ పెడుతూ ఆగిపోయింది.

"ఓసి నీ దుంపతెగా! చర్చిలో అంతమంది బతిమాలితే బెట్టు చేశావు. ఉందిగా ఇక్కడ, అచ్చం పాటలో ఉన్నట్టు" అంది.

చిన్న అద్దం ఒకటి మెడ వెనక పట్టుకుంది. ఎదుటి పెద్ద అద్దంలో ఆర్డిత్‌కి తన మెడ కనబడింది. జుట్టు మొదలయ్యే చోట, కొంచెం ఎడమగా, నల్లగా, మిరియపు గింజంత మచ్చ.

చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. మెర్లీన్ కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఏం చెబుతుంది ఆవిడకి? నాలుగు నెలలు మొగుడి వెంట మనసులో కుక్కలా తిరిగానని చెబుతుందా? తనే ఎన్నడూ చూసుకోని చోటు అతను చూశాడు. చూసి, దాచుకుని, పాట కట్టాడు. దానికి తను పెట్టె సర్దింది. ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది హోలిస్ మీద. నాష్‌విల్ దాకా నలభై మైళ్లూ కారు కిటికీలు దించి ఆ పాటే పాడుకుంటూ వెళ్లింది.

పండగ ఒక పెద్ద భవనం వెనక పచ్చిక మీద జరుగుతోంది. పాట పేరు రాసిన గుడ్డ కట్టారు. హోలిస్ చెట్టు కింద ఒంటరిగా నిలబడి, చెప్పబోయే మాటలు కాగితం మీద చూసుకుంటున్నాడు. కొంచెం దూరంలో రాయిస్ చేతిలో టీ గ్లాసుతో ఉన్నాడు. ఆర్డిత్ తిన్నగా మొగుడి దగ్గరికెళ్లి, నిన్ను తప్పుగా అనుకున్నాను, క్షమించు, అంది. అతనికేమీ అర్థం కాలేదు. ఆవిడ నవ్వి, వెనక్కి తిరిగి, తల వంచింది.

"చూడు" అంది.

అతను నవ్వుతాడనుకుంది. ముద్దుపెట్టుకుంటాడనుకుంది. తిరిగి చూస్తే హోలిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ ముక్క నాది కాదు ఆర్డిత్."

"అంటే?"

"మచ్చ ముక్క. నేను చెప్పింది కాదు. రాయిస్ చెప్పాడు. ఆ రోజంతా వాడు చెప్పిన మాట అదొక్కటే. ఎవరో వాడి పాత మనిషి గురించేమో అనుకున్నాను" అన్నాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి గదిలో మాట బయటపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఒత్తి అడిగాడు. "వాడెక్కడ చూశాడు?"

ఆర్డిత్ అతని కళ్లలోకి చూసింది. ఆ చూపు ఎరుగును తను. నాలుగు నెలలుగా స్నానాలగది అద్దంలో రోజూ చూసిన చూపే అది. అటు తల తిప్పింది. పైకి కట్టిన జుట్టుతో ఆవిణ్ణి చూసిన రాయిస్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు, టోపీ తీసుకున్నాడు, ఎవరితో చెప్పకుండా గేటు వైపు నడిచిపోయాడు.

"పారిపోతున్నాడు చూడు" అన్నాడు హోలిస్.

అప్పటికి బోధపడింది ఆవిడకి. చర్చిలో చివరి బల్ల. కిటికీ పక్కన ఒక్కడే కూర్చునే రాయిస్. ఏనాడూ గుడ్ మార్నింగ్ అమ్మా అనడం తప్ప ఇంకో మాట ఎరగడు. కోపం రావాలి తనకి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు.

"పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఆయన మన వెనక బల్ల మీద కూర్చుంటున్నాడు హోలిస్. నేను జుట్టెత్తి విసురుకుంటే కళ్లు మూసుకోవాలా ఆయన?" అంది. గేటు వైపు చూస్తూనే, "నువ్వు నా పక్కనే కూర్చున్నావు" అంది.

ఈలోపు వేదిక మీంచి పేర్లు పిలిచారు. రాయిస్ ఏడీ అని రెండుసార్లు అడిగి, ఎప్పుడూ అంతేలే ఆయన, అని నవ్వుకున్నారు. ఎవరో ఆర్డిత్ మెడ చూడనే చూశారు. ఇదిగో మచ్చ, నిజంగానే ఉంది, అని గోల. చెయ్యి పట్టుకుని వేదికెక్కించి, వెనక్కి తిప్పి నిలబెట్టి ఫొటోలు తీశారు. హోలిస్ మైకు దగ్గరికొచ్చి, ఈ పాట మా ఆవిడ మీదే, అన్నాడు. కాగితం మీది మిగతా మాటలు చదవకుండానే మడిచేసి తల దించుకున్నాడు. ఎంత ప్రేమో చూడండి అని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆర్డిత్ వీపు అందరి వైపూ పెట్టి, కట్టిన గుడ్డ కేసి చూస్తూ నిలబడింది.

బహుమతిగా ఇచ్చిన పలక డిక్కీలో పెడదామని తెరిచాడు హోలిస్. పెట్టె కనబడింది.

రాయిస్‌తో వెళ్లిపోవడానికే సర్దుకుందని అనిపించదూ అతనికి? ఎంత చెప్పినా చెరగని సాక్ష్యం అది. నీ మీద అనుమానంతోనే సర్దుకున్నానని చెప్పింది. కాండిస్ మెడ వెతికిన సంగతి చెప్పింది, చెంచాల సంగతి చెప్పింది. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేవాడు. అంతా విని, "అలాగా" అన్నాడు. నలభై మైళ్లూ ఇద్దరూ రేడియో పెట్టలేదు. ఆ రాత్రి పెట్టె విప్పడానికి ఆవిడకీ చేతులు రాలేదు, విప్పమని అతనూ అనలేదు. శనివారమంతా అలాగే గోడ పక్కన ఉంది. వెళ్లాలా ఉండాలా అన్నది ఇప్పుడు తన చేతిలో లేదని తెలిసి ఆవిడకి భయమేసింది.

ఆదివారం పొద్దున్న అతను లేవలేదు. ఆర్డిత్ ఒక్కతే చర్చికెళ్లి ఎప్పటి బల్ల మీదే కూర్చుంది. జుట్టు మామూలుగా వదిలేసుకుంది. వెనక బల్ల ఖాళీ. రాయిస్ రాలేదు. ఇక ఎప్పటికీ రాడేమో, పాపం, అనిపించింది. ఒక్క మాటతో దేశాన్నంతా ఏడిపించి, కూర్చునే చోటు పోగొట్టుకున్నాడు.

రెండో కీర్తన మొదలయ్యాక తలుపు కిర్రుమంది. అడుగులు నెమ్మదిగా వచ్చి తన బల్ల దగ్గర ఆగాయి. పక్కకి జరిగి చోటిచ్చింది. అడుగులు లోపలికి రాలేదు. వెనక్కి వెళ్లాయి, వెనక బల్ల కిర్రుమంది. కొత్త చొక్కా గంజి వాసన. హోలిస్.

ఎందుకొచ్చి అక్కడ కూర్చున్నాడు? రాయిస్‌కి ఏమేం కనబడేదో కొలుచుకోవడానికా? కాపలాకా? లేక నిజంగా చూడటానికేనా? తెలుసుకునే దారి లేదు. తిరిగి చూస్తే అతనికి మెడ కనబడదు, మెడ చూపిస్తే తనకి అతని మొహం కనబడదు. ఉక్క మాత్రం భరించలేకుండా ఉంది. ఇన్ని నెలలూ దించుకున్న చెయ్యి పైకి లేచింది. జుట్టంతా ఒక్క చేత్తో ఎత్తి పట్టుకుంది.

కీర్తన అయిపోయింది. ఇంకోటి మొదలైంది. చెయ్యి నొప్పెడుతోంది, అయినా దించలేదు. చాలాసేపటికి మెడ మీద గాలి తగిలింది. అట్ట విసనకర్ర గాలి, ఒకసారి, మళ్లీ ఒకసారి. ఆగిపోయింది. చెవి దగ్గరగా ముందుకి వంగి హోలిస్ అడిగాడు.

"ఎప్పట్నుంచీ ఉంది ఇది?"

"పుట్టినప్పట్నుంచీ" అంది ఆర్డిత్, చెయ్యి దించకుండానే.